గుంటూరు డాక్టరమ్మ చూసిన పాప

పిల్లల డాక్టరు లేని ఆసుపత్రిలో నర్సును నేను. గురజాల దాటాక ఉంటుంది మా ఆసుపత్రి. కొన్నేళ్ళ కిందట మా ఎమర్జెన్సీ గదిలో గోడకు ఒక తెర, దానికో కెమెరా బిగించారు. ప్రాణం మీదికి వచ్చిన పిల్లలెవరైనా చేరితే, గుంటూరులోని పిల్లల డాక్టరమ్మ అందులో కనబడి ఏం చేయాలో చెబుతుంది. మొదట్లో అది చూస్తే నాకు కొండంత ధైర్యంగా ఉండేది.

ఒక వేసవి మధ్యాహ్నం ఓ తల్లి ఆటో దిగి, ఆరేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని పరుగున లోపలికి వచ్చింది. పొద్దున ఇంటి వెనక నాపరాళ్ళ దగ్గర ఆడుకుంటుంటే పాపను తేలు కుట్టిందట. ఊళ్ళోనే మంత్రం వేయించి, నొప్పి తగ్గిందని పడుకోబెట్టారు. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు, ఆయాసం.

"ఇప్పుడు ఏడవట్లేదక్కా. ఒళ్ళు కూడా చల్లంగా ఉంది. జరం లేదుగా, మంచిదేగా?" అని అడిగింది.

పాప మణికట్టు పట్టుకున్నాను. మంచులా ఉంది. నాడి దొరకలేదు.

మా డ్యూటీ డాక్టరు ఆక్సిజన్ మాస్కు పెట్టి గుంటూరుకు వీడియో కాల్ కలిపాడు. డాక్టరమ్మ తెర మీదికి వచ్చింది.

"పాపను వెలుతురు వైపు తిప్పండి. గౌను పైకెత్తండి. పెదాలు చూపించండి."

డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పెదాల చివర గులాబీ రంగు నురగ. అది చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"విషం గుండెను పట్టేసింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది" అంటూ మందుల పేర్లు చెప్పింది. అవి మా దగ్గర ఉన్నాయి, ఇచ్చాం. మధ్యలో బొమ్మ ఆగిపోయేది. మాట ముక్కలై వినపడేది. డాక్టరు మళ్ళీ కలిపేవాడు. ఆమె మళ్ళీ పాప పెదాలే అడిగేది. చివరికి, "వెంటిలేటర్ మీద పెట్టాలి, తప్పదు" అంది. పిల్లలకు పెట్టే వెంటిలేటర్ మాకు లేదు.

తల్లి తెర ముందుకొచ్చి చేతులు జోడించింది.

"అమ్మా, ఇంత తెలిసినదానివి, నువ్వే ఒక్కసారి ఈడికి రాగూడదా?"

"నేను వచ్చేదాకా ఆగే టైము లేదమ్మా. మీరే నా దగ్గరికి తీసుకురండి. బెడ్ సిద్ధం చేయిస్తాను."

అంబులెన్సులో వాళ్ళతో నేనూ ఎక్కాను. పిడుగురాళ్ళ దాటాక పాప ఊపిరి ఆగింది. మాస్కు తీసేసి, గాలి సంచి బిగించి నొక్కుతూనే ఉన్నాను. ఛాతీ మీద అదిమాను. సత్తెనపల్లి దగ్గరపడేసరికి ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. తల్లి నా ముఖం చూసింది. కొంగుతో పాప మూతి తుడిచింది.

అప్పుడే డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఎక్కడిదాకా వచ్చారు? అంతా రెడీగా ఉంది."

"పాప పోయింది మేడమ్."

"తల్లి పక్కనే ఉండండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఏం చేయాలో ఆమెకు తెలుసు. అది చేయగలిగే చోటికి మేం చేరలేకపోయాం. అంతే.

"ఇంక గుంటూరు వద్దు. ఇంటికి పోదాం" అంది తల్లి. డ్రైవరు బండి తిప్పాడు. కొంతదూరం పోయాక ఆమె పక్కన పడి ఉన్న మాస్కు తీసి నా చేతికిచ్చింది.

"ఇది మళ్ళీ పెట్టక్కా. ఉత్త మొకం చూళ్ళేకపోతన్నా."

పెట్టాను.

పాప తండ్రి ఎడ్లపాడు దగ్గర నూలు మిల్లులో పనిచేస్తాడు. పాపను తేలు కుట్టిందని కబురంది, మాకంటే ముందే ఊరు చేరుకున్నాడు. బండి ఆగీ ఆగకముందే వెనక తలుపు లాగి లోపలికి చూశాడు. మాస్కు చూసి అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"గాలి పెట్టి ఇంటికి పంపారంటే, గండం గడిచినట్టేగా అక్కా?"

తల్లి తల ఎత్తలేదు. నేను వంగి మాస్కు తీసేశాను.