వెనక ఎడమ పెట్టె

మూడో పాట సగంలో ఉండగా మంచినీళ్ల గ్లాసు బయలుదేరింది.

అప్పటిదాకా అది సోఫా పక్కనున్న నల్లటి పెట్టె మీద బుద్ధిగా ఉంది. ఆ పెట్టె బల్ల కాదనీ, పాటలోని డప్పుల మోతంతా దాని కడుపులోంచే వస్తుందనీ గ్లాసు పెట్టిన మా అక్కకి ఎవరూ చెప్పలేదు. డప్పు పడ్డప్పుడల్లా గ్లాసు వెంట్రుకవాసి జరిగింది. గదిలో ఉన్న ఐదుగురమూ దాన్నే చూశాం. ఎవరూ చెయ్యి చాపలేదు. డిస్కు పెట్టే ముందే మా బావగారు, "పాట నడుస్తుండగా ఎవరూ కదలకండి, బ్యాండు మధ్యలోంచి లేచిపోయినట్టుంటుంది" అని చెప్పి ఉన్నారు. కాసేపటికి డప్పులు ఆగాయి. గ్లాసు కూడా అంచు దగ్గర ఆగి కాస్త ఆలోచించింది. డప్పులు మళ్లీ అందుకున్నాయి. గ్లాసు మా అక్క ఒళ్లో పడింది.

అక్క లేచి తువ్వాలు కోసం వంటింట్లోకి వెళ్లింది. బావగారు అటు చూడనైనా చూడలేదు. ఆయన చూపంతా సోఫా వెనక, కిటికీ పక్కన, స్టూలు మీద తుడిచి నిలబెట్టిన పెట్టె మీదే ఉంది. అందులోంచి తాను రావలసి ఉంది. రావడం లేదు.

మా బావగారు పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. సాయంత్రాలు ఒక పెద్ద హోటలు డాన్సు హాల్లో ట్రంపెట్ వాయించేవారు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకటే కుర్చీ. మూడో ట్రంపెట్. మొదటి ట్రంపెట్ పాట పాడుతుందట, రెండోది దానికి తోడు వెళుతుందట, మూడోది ఆ రెండింటి కింద పరుపు వేస్తుందట. పరుపు బాగుంటే పడుకున్నవాడు పరుపు గురించి ఆలోచించడు. ఇది బావగారి వివరణ. మా ఆయన వివరణ ఇంకా పొట్టిది: ఆటలో అరటిపండు.

ఒకసారి బావగారికి వారం రోజులు జ్వరం వచ్చింది. ఆయన రావడం లేదని బ్యాండు మాస్టరు నాలుగో రోజున గుర్తించాడు. అది కూడా విరామంలో ఒక టీ మిగిలిపోతోందని. ఈ సంగతి బావగారు దాచుకోరు. "నాలుగో రోజుకే కనిపెట్టేశాడు మరదలా, మంచి చెవి" అంటారు.

అక్క పెళ్లైన కొత్తలో హోటలుకి వెళ్లి వినేది. ఇంటికొచ్చాక "ఎలా ఉంది?" అని ఆయన అడిగేవారు. "బాగుంది" అనేది. "మరి నాది?" అంటే, "అన్నీ కలిసిపోయాయి కదండీ, మీది వేరే ఎలా తెలుస్తుంది?" అనేది. అక్క అబద్ధమాడదు. ఆ గుణం వల్ల మా చుట్టాల్లో సగం మంది ఆవిణ్ణి ఏమీ అడగడం మానేశారు. బావగారు మాత్రం మూడేళ్లు అడిగారు. తర్వాత ఆవిడ వెళ్లడం మానేసింది, ఈయన అడగడం మానేశారు. ఇంట్లో సాధన చేద్దామంటే గోడలు పల్చన. పడగ్గదిలో బట్టల అలమారా తెరిచి, కోట్ల మధ్య తలా ట్రంపెట్టూ దూర్చి వాయించుకునేవారు. వెనకనుంచి చూస్తే ఏదో పోగొట్టుకుని వెతుకుతున్న మనిషిలా ఉండేవారు.

పోయినేడు ఆయన ముందుపన్ను కదలడం మొదలైంది. పళ్ల డాక్టరు చూసి, "తీసేయాలి. తీసేశాక ఊదడాలు ఉండవు" అన్నాడు. "రెండు నెలలు ఆగుతారా?" అన్నారు బావగారు. "నన్నెందుకండీ అడుగుతారు, పన్నుని అడగండి" అన్నాడు డాక్టరు.

ఆ రెండు నెలల్లోనే రికార్డింగు. బ్యాండు పుట్టాక మొదటిసారి ఒక డిస్కు చేస్తోంది. లాటిన్ అమెరికా బాణీల ట్రంపెట్ పాటలు పది, రుంబాలూ చాచాచాలూ. ఇంట్లో సోఫాలో కూర్చుని, చుట్టూ ఆరు స్పీకరు పెట్టెలు పెట్టుకుని వినే రకం. స్టూడియోలో సౌండు ఇంజనీరు వాళ్లని వరసగా కాకుండా గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో ఖాళీ కుర్చీ ఒకటి వేశాడు. "వినేవాడు ఇక్కడ కూర్చున్నట్టు లెక్క" అన్నాడు. మొదటి రెండు ట్రంపెట్లూ ముందు. బావగారు వెనక. "మిమ్మల్ని వెనక ఎడమ పెట్టెలో పెడుతున్నాను సార్. తాళానికి ఆడించే గిలక్కాయలు వెనక కుడివైపు. మీ పెట్టెలో మీరు తప్ప ఇంకెవరూ ఉండరు" అన్నాడు.

ఈ మాట బావగారు మాకు నాలుగుసార్లు చెప్పారు.

రికార్డింగు అయిన సోమవారమే పన్ను తీయించుకున్నారు. ట్రంపెట్ తుడిచి, దాని పెట్టెలో పెట్టి, అలమారా మీదికెక్కించారు. ఇక ఆయన వాయించినదంటూ లోకంలో ఎక్కడైనా మిగిలితే ఆ డిస్కులోనే మిగలాలి. అది అక్క చెవిన పడాలి. పైకి ఏమీ అనలేదు గానీ, ఆయన ఆరు పెట్టెల సెట్టు కొనుక్కొచ్చినప్పుడు నాకు అర్థమైంది. చెప్పులు కూడా అక్క కొంటే తప్ప మార్చని మనిషి.

సెట్టు బిగించడానికి దుకాణం నుంచి ఫిట్టరు వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. సోఫా వెనక ఒక పక్క కిటికీ, ఇంకో పక్క వంటింటి తలుపు. తలుపు పక్కన పెట్టె పెడితే తలుపు మూసుకోదు.

"నా తలుపు నాకు మూసుకోవాలి" అంది అక్క.

"అయితే ఈ పక్క పెట్టె వంటింట్లో ఫ్రిజ్ మీదికి పోవాలండీ. పర్లేదా?" అన్నాడు ఫిట్టరు.

బావగారు తొందరపడలేదు. టీవీ ముందుకు వెళ్లి, సోఫాకేసి తిరిగి, ఇరవై ఎనిమిదేళ్లు స్టేజీ మీద జనానికేసి కూర్చున్నట్టే నిలబడ్డారు. ఎడమ చెయ్యెత్తారు. అది కిటికీ వైపు చూపించింది. "ఎడమ ఇటు. నేను ఇటు. అటుది గిలక్కాయలు, వంటింట్లోకి పోనివ్వండి" అన్నారు.

ఫిట్టరు సోఫాలో కూర్చునేవాళ్ల ఎడమే ఎడమనుకుని, పుస్తకంలో ఉన్నట్టు వైర్లు బిగించేసి అప్పటికే సంచీ సర్దుకుంటున్నాడు. ఈయన మాట అతను వినలేదు. విన్నా ఏం లాభం, రోజుకి నాలుగిళ్లలో బిగిస్తాడు, అతనికీ అతని ఎడమ ఒకటి ఉంటుంది. నాకా, స్టీరింగు పట్టుకుంటే తప్ప కుడేదో ఎడమేదో తెలియదు. కాబట్టి బావగారు కిటికీ పక్క పెట్టె కింద స్టూలు వేశారు. మెత్తటి గుడ్డతో తుడిచారు. అద్దాల దుకాణంలో వాడే గుడ్డ అది.

డిస్కు వచ్చిన ఆదివారం సాయంత్రం మమ్మల్నీ, పక్కింటి లెక్కల మాస్టారినీ పిలిచారు. కిటికీ పక్క పెట్టె మొదటి పాట నుంచీ చక్‌చక్ చక్‌చక్ అంటూనే ఉంది.

"అన్నయ్యా, ఏమనుకోకండి, మీ బూర ఇసుక చెరుగుతున్నట్టుందేంటి?" అన్నాడు మా ఆయన.

"వస్తుంది. ఇంకా నా చోటు రాలేదు" అన్నారు బావగారు.

"లయ మాత్రం ఎక్కడా తప్పలేదండీ" అన్నారు మాస్టారు, మర్యాదస్తుడు కనక.

రెండో పాటలో చోటు రాలేదు. మూడో పాటలో గ్లాసు పడింది. అక్క వంటింట్లోకి వెళ్లి తలుపు మూసుకుంది, ఇక రాలేదు. నాలుగు, ఐదు, ఆరు. బావగారి కుడిచేతి మూడు వేళ్లు మోకాలి మీద మీటలు నొక్కుతూనే ఉన్నాయి. అవి నొక్కిన చోటల్లా గిలక్కాయలే పలికాయి. ఎనిమిదో పాటకి వేళ్లు ఆగిపోయాయి. పదో పాట కూడా అయిపోయింది.

"తీసేసినట్టున్నారు" అన్నారు బావగారు చివరికి. "మూడోది ఎందుకులే అనుకుని ఉంటారు. నష్టమేం లేదు, పాటలు బాగానే ఉన్నాయి."

మా ఆయన నోట అలాంటప్పుడు ఒక మాట తప్పకుండా వస్తుంది. నేను మోచేత్తో పొడవడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన చేతిలో బిస్కెట్టుని అటూ ఇటూ తిప్పి, దాని మీద రాసిన అక్షరాలు చదువుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. అక్క భుజం మీద తువ్వాలుతో గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఫ్రిజ్ మీద పెట్టె పాడైంది. దుకాణం వాడికి తిరిగిచ్చేయండి."

"పాడవడమేంటి?"

"పాడవక? ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. ఉన్నట్టుండి నాలుగు ముక్కలంటుంది. మళ్లీ మూతి ముడుచుకుంటుంది. నేనేమన్నా అడిగితే మీరు చెప్పే జవాబులాగే ఉంది."

"వదినా, అయితే అది అన్నయ్యే" అన్నాడు మా ఆయన, బిస్కెట్టు కింద పెట్టి. హాస్యానికే అన్నాడు.

బావగారు నవ్వలేదు. లేచి నిలబడ్డారు. "నాలుగు ముక్కలంటే ఎలా?"

"ఎలా ఏంటి? పపా... పా... పపాం. అంతే."

అక్క తువ్వాలు పట్టుకుని అలా కూనిరాగం తీస్తుండగా బావగారు తిరిగి సోఫాలో కూర్చున్నారు. కూర్చుని ఎడమ చెయ్యెత్తారు. ఈసారి అది వంటింటిని చూపించింది. ఆ చేతిని కాసేపు చూసుకున్నారు, ఇన్నాళ్లూ చెప్పకుండా దాచినందుకు అన్నట్టు.

డిస్కు మళ్లీ మొదటినుంచి పెట్టారు. హాల్లో పెట్టెలన్నీ మా ఆయన తగ్గించేశాడు. ఐదుగురమూ ఫ్రిజ్ చుట్టూ నిలబడ్డాం. మాస్టారికి చోటు చాలక ఒక కాలు గుమ్మం బయట పెట్టుకున్నారు. పాట మొదలైందన్న గుర్తే లేదు. ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఏమీ రావట్లేదేంటమ్మా?" అన్నారు మాస్టారు నాతో మెల్లగా.

"ఆగండి" అన్నారు బావగారు.

ముందు ఎవరో ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత ట్రంపెట్. పెద్ద గొప్పగా ఏమీ లేదు. కాస్త బొంగురుగా, నిదానంగా, నిద్రపోతున్న ఇంట్లోకి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చే మనిషిలా లోపలికొచ్చి, నాలుగడుగులు వేసి, ఆగిపోయింది. మళ్లీ ఫ్రిజ్. మళ్లీ గాలి పీల్చడం. మళ్లీ నాలుగడుగులు.

అక్క పెట్టెకేసే చూస్తోంది. "ఇది అలమారాలోంచి వచ్చేదే కదూ?"

"అదే" అన్నారు బావగారు.

"కోట్లు లేకపోతే ఇలా ఉంటుందా?"

ఆయన తలూపారు. తర్వాత, పాతికేళ్లుగా అడగని ప్రశ్న అడిగారు. "ఎలా ఉంది?"

అక్క ఆలోచించింది. మేమంతా నేలకేసి చూశాం. ఆవిడ సంగతి మాకు తెలుసు.

"ఆరో పాటలో ఒకచోట ఆలస్యంగా వచ్చారు" అంది.

"వచ్చాను" అన్నారు బావగారు. "పన్ను నొప్పి." ఆయన ముఖం అంతలా విప్పారడం నేను వాళ్ల పెళ్లిలో కూడా చూడలేదు. ఆలస్యంగా వచ్చారని అనాలంటే, ఎదురుచూసి ఉండాలి కదా.

వారం తర్వాత ఫిట్టరు పొడుగు వైరు పట్టుకొచ్చాడు, పెట్టెని ఎలాగో హాల్లోకి సర్దుతానని. అక్క ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడి, "దాన్ని ముట్టుకోకు నాయనా" అని టీ ఇచ్చి పంపేసింది. అప్పటినుంచీ సాయంత్రం ఆరింటికి వంట మొదలుపెడుతూ డిస్కు పెడుతుంది. హాలు పెట్టెల గొంతు నొక్కేసి, ఫ్రిజ్ మీదిదాన్ని మాత్రం బాగా పెంచుతుంది. ఉల్లిపాయలు తరుగుతుంటుంది. గాలి పీల్చిన చప్పుడు రాగానే కత్తి ఆగుతుంది. నాలుగు ముక్కలూ అయ్యాక మళ్లీ సాగుతుంది. ఆ ఇంట్లో భోజనం ఇప్పుడు ముప్పావుగంట ఆలస్యం. బావగారు ఫిర్యాదు చేయడం లేదు. మా ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. "ఫ్రిజ్ మీదెక్కించి, ఇంట్లో అందరి నోరూ నొక్కేస్తే అరటిపండైనా వినబడుతుంది. మామూలుగా ఎవరికి వినబడింది చెప్పండన్నయ్యా?" అంటాడు, బావగారి ఎదురుగానే. 

మొన్న సాయంత్రం నేను అక్కడున్నప్పుడే మాస్టారు తలుపు కొట్టారు. అక్క వంటింటికీ మాస్టారి గదికీ గోడ ఒకటే.

"ఏమనుకోకండి" అని మొదలుపెట్టారు. "బ్యాండంతా వినబడితే అదొక దారి. అసలేం వినబడకపోతే ఇంకో దారి. మా గోడలోంచి మీ ట్రంపెట్ ఒక్కటే వస్తోంది. ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చేదాకా చేతిలో పని సాగదు. నిన్న పరీక్ష పేపర్లు దిద్దుతూ దానికోసం చూస్తూ చూస్తూ, తప్పు లెక్కకి పూర్తి మార్కులు వేసేశాను. సాయంత్రం ఆరైతే చాలు, నాకు మీది తప్ప ఇంకేదీ వినబడట్లేదండీ."

బావగారు శ్రద్ధగా విన్నారు. లోపలికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, కాగితమూ కలమూ పట్టుకుని వచ్చారు.

"మాస్టారూ, ఆ చివరి మాట ఒక్కటీ ఇక్కడ రాసి, కింద సంతకం పెట్టండి."