ప్రశ్న మడిచి ఇచ్చిన సారు

ఆళ్లగడ్డ సారు మొన్న ఆదివారం తెల్లవారుజామున గుండెపోటుతో కన్నుమూశారు. మా పాప రాసిన జవాబులు తీసుకుని మేమిద్దరం నంద్యాల నుంచి ఆయన ఇంటికి వెళ్లాల్సిన రోజది. బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. సర్దుకున్న సంచితోనే బస్సెక్కాం.

ఆయన కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మా పాప సివిల్స్ తెలుగులో రాస్తుంది. పోయినసారి మెయిన్స్‌లో తప్పింది. ఇంకొక్కసారే రాస్తానని వాళ్ల నాన్నకు మాటిచ్చాక, ఎవరో చెబితే ఆయన దగ్గరికి వెళ్లాం.

మొదటి రోజే ఆయన పాప జవాబు చదివి, పైనున్న ప్రశ్న కనబడకుండా కాగితం మడిచి నా చేతికిచ్చారు.

"చదువమ్మా. ప్రశ్న ఏందో చెప్పు."

నేను పదో తరగతితో ఆగినదాన్ని. భయపడుతూనే ప్రతి వాక్యం చదివి, "పప్పుల ధరలు ఎందుకు పెరుగుతాయని అడిగినట్టుంది సార్" అన్నాను. పాప తల వంచుకుంది. ధరలు తగ్గించడానికి దిగుమతులు పెంచితే రైతుకు ఏమవుతుందన్నది అసలు ప్రశ్న.

"కడపకు పొమ్మంటే కర్నూలు బస్సెక్కినావు గదా పాపా! నీకు తెలిసిందంతా వాళ్లకెందుకు? అడిగింది చెప్పు."

ఆ రోజు నుంచి ప్రశ్న చెప్పే పని నాదైంది. నేను చదువుతుంటే ఆయన బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేవారు. 'ఎంతో' అన్న మాట కనబడితే కొట్టేసి, "ఎంతో అంటే ఎంత?" అనేవారు.

ఒకసారి సరిహద్దు భద్రత మీద పాప రాసింది చదివి, "కంచెలు, కెమెరాల గురించి సార్" అన్నాను.

"చూసినావా పాపా? సరిహద్దులో మనుషులే లేకుండా చేసినావు. ఆడుండే ఊర్లోళ్లు ఏం తింటాండారు, పిల్లోళ్లు యాడ చదువుతాండారు? కొత్త మనిషి వస్తే ముందు చూసేది వాళ్లే గదా!"

పాప అక్కడే కూర్చుని మళ్లీ రాసింది. రోడ్డు, బడి, పని ఉన్న ఊరు సైన్యానికి ఎట్లా తోడు నిలుస్తుందో రాసింది. ఈసారి నేను, "సరిహద్దు ఊళ్ల జనం దేశ భద్రతకు ఏం చేయగలరని" అన్నాను. సారు వంటింటి వైపు కేకేశారు.

"ఏమే, టీ పెట్టు! పాసైంది."

"ఎవురు, పాపనా?" అంది ఆయన భార్య.

"కాదు, వాళ్లమ్మ!"

పరీక్ష తప్పినప్పటి నుంచి నవ్వని పిల్ల ఆ రోజు పడీపడీ నవ్వింది. ముందుగా ఆ నవ్వుకే నేను ఆయనకు దండం పెట్టుకుంటాను.

మెయిన్స్ దగ్గరపడ్డాయి. ఆ ఆదివారం ఆళ్లగడ్డలో సారును చివరిసారి చూసి పాప గోడకు ఆనుకుని, "ఇంక నేను రాయనమ్మా. ఎవరు చూస్తారు?" అంది. ఆ మాట ఆయన భార్య చెవిన పడింది.

"ఏందే? ఇన్ని ఆదివారాలు ఆయన నీతో కూర్చునింది ఇందుకేనా? పరీక్ష పెట్టుకుని ఈడేం చేస్తావు? పో, పోయి రాసుకో" అని కసిరి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటాక పాప సంచిలోంచి అట్ట, కాగితాలు తీసింది. చావింటి నుంచి వస్తూ స్నానం చేయకుండా పుస్తకం ముట్టకూడదని నా నోటిదాకా వచ్చింది. అనలేదు. గుంత వచ్చినప్పుడల్లా అట్ట ఎగురుతోంది. ఒక చేత్తో ముందు సీటు కమ్మీ, ఇంకో చేత్తో అట్ట అంచు గట్టిగా పట్టుకున్నాను. పాప తలెత్తకుండా రాస్తోంది.