తారామణి మేడం బంగారం పాఠం

నాచారంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ తారామణి మేడం మొదటి క్లాసు ఒకటే. సీసపు ముక్కను బంగారం చేస్తామని కొలిమి ముందు కూర్చుని కొంప గుల్ల చేసుకున్న రసవాదుల కథ చెప్పేది. పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. "ఆ పిచ్చి వదిలాకే సైన్సు పుట్టింది," అని పాఠంలోకి దిగేది. కొత్త పిల్లలను మచ్చిక చేసుకోవడానికి ఆవిడకు తెలిసిన కిటుకు అదొక్కటే మరి.

ఒక ఏడు ఆ నవ్వుల మధ్య జెన్నిఫర్ అనే అమ్మాయి లేచింది. వాళ్ల తాత అబ్బయ్య ఘట్‌కేసర్‌లో రైల్వే గ్యాంగ్‌మన్. డ్యూటీ దిగాక బంగారం చేయాలని రెండు కుండలు మూతికి మూతి ఆనించి, మట్టి పూసిన గుడ్డ చుట్టి, కింద మంట పెట్టేవాడు. అడుగు కుండలోని పాదరసం ఆవిరై, శుభ్రపడి పై కుండకు అంటుకునేది.

"మా తాత గూడ గిదే జేస్తడు మేడం. మనం ల్యాబుల జేసే డిస్టిలేషన్ గిట్లనే ఉంటది గద?"

"అయితే మీ ఇంట్లోనే ఉన్నాడన్నమాట ఒక పిచ్చోడు!" అంది మేడం. క్లాసు గొల్లుమంది. ఆ వారమే జెన్నిఫర్ సైన్సు వదిలి సీఈసీకి మారిపోయింది. మేడం పట్టించుకుంటే కదా!

రిటైరయ్యాక కాలనీవాళ్లు సైన్స్ డే నాడు మాట్లాడమంటే, అప్పుడు తీరిగ్గా చదివింది. తూచడం, ఆవిరి పట్టడం, ఆమ్లాలు తీయడం, ఇవన్నీ కొలిమి దగ్గర చేతులు కాల్చుకున్న ఆ రసవాదులు అప్పగించినవే. గురుత్వాకర్షణ సూత్రం చెప్పిన మహానుభావుడు కూడా ఏళ్ల తరబడి కొలిమి రాజేశాడట. ఆ ముక్కే ఒక ఆడపిల్ల అడిగితే తను నోరు మూయించింది. తారామణికి అన్నం సయించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప మనసు కుదుటపడదనిపించింది.

వాళ్లనూ వీళ్లనూ అడగ్గా, జెన్నిఫర్ ఉప్పల్‌లో ఒక కళ్లజోళ్ల షాపులో దొరికింది.

"నువ్వన్నదే నిజమమ్మా. మీ తాతగారిని అనరాని మాటన్నాను. ఆయనకు చెప్పుకోవాలని వచ్చాను."

"తాత పోయి శానేండ్లైంది మేడం. గదంత నేనెప్పుడో మర్సిన. ఫికర్ జేయకున్రి, ఛాయ్ తాగున్రి."

ఆ గొంతులో నిజంగానే కోపం లేదు. ఉన్నా బాగుండేది, కాళ్లావేళ్లా పడేది తారామణి. తనకు రోజీ అని ఆరో తరగతి కూతురుందని జెన్నిఫర్ చెబితే, ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"ముత్తాత చేసింది సైన్సేనని ఆ పిల్లకైనా చెప్పమ్మా," అని బతిమాలింది.

జెన్నిఫర్ నవ్వేసింది. "మొన్ననే అడిగింది మేడం, ముత్తాత ఎసొంటోడని. బంగారం జేస్తనని కూసునేటోడు, పిచ్చోడు బిడ్డా అని చెప్పిన. ఇద్దరం మస్తు నవ్వుకున్నం."