ఎవరూ లేని లంక

మొన్న మా మనవరాలు పట్టుబట్టి నన్ను మోటారు పడవెక్కించి, సముద్రం దగ్గరున్న లంకలో కొత్తగా కట్టిన రిసార్టుకు తీసుకెళ్ళింది. గోదావరి సముద్రంలో కలిసే చోటు, మడచెట్ల మధ్య పడవ షికారు, కొబ్బరిచెట్లకు కట్టిన ఉయ్యాలలు, ఒడ్డునే ఓ ఈత కొలను. చుట్టూ ఇంత నీరుండగా కొలనెందుకో అర్థం కాలేదు గాని చూడచక్కగానే ఉంది, కాదనను. అవన్నీ చూపిస్తున్న కుర్రాడు మాత్రం, "మునుపు ఈ ఐలాండులో మనుషులే ఉండేవారు కాదండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు నిలబడ్డ చోట మా గొడ్లసావిడి ఉండేదయ్యా! తెలియకపోతే నోరు మూసుకో."

మన ఈడువాళ్ళకు తెలియనిదేముంది. వరద కబురు రాగానే పాకల కప్పు విప్పి, తాటాకులూ వాసాలూ నావలో వేసుకుని, పశువుల్ని ఈదించుకుంటూ గట్టు చేరేవాళ్ళం. నీరు తీశాక మళ్ళీ వెళ్ళి, ఒండ్రు కప్పేసిన నేల మీద ఎవరి పాక ఎక్కడుండేదో ఆనవాలు పట్టి, సరిగ్గా అక్కడే లేపేవాళ్ళం. ఆనవాలు పట్టడానికి మా నాయనమ్మ పెట్టింది పేరు. ఆవిడ పుట్టిందీ, కాపురం చేసిందీ ఆ లంకలోనే.

నేను బడి మొహం చూడలేదు. దినుసులు కట్టిచ్చిన పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి, లంకలో రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది. ఒక పెద్ద వరద తర్వాత ఇల్లు లేనివాళ్ళకు గట్టు మీద స్థలాలిస్తామన్నారు. లంకలో పాక ఉంటే ఇల్లున్నట్టే లెక్క, మనకు రావట అని ఎవరో పుట్టించారు. దాంతో నా తెలివంతా ఉపయోగించి, ఈ లంకలో ఏనాడూ ఎవరూ కాపురం లేరనీ, సాగుకు పొద్దున వచ్చి సాయంత్రం పోతామనీ అందరి తరఫునా ఒక కాగితం రాశాను. చదివి వినిపిస్తే భేషన్నారు, మా నాయనమ్మ తప్ప.

"ఏనాడూ లేరా? మరి నేనేంట్రా, పులస చేపలా నీళ్ళలో పుట్టానా?"

"కాగితం కోసమేనే, నాయనమ్మా."

"కాగితం కోసం నా పుట్టిల్లు చెరిపేస్తావా? వేలిముద్ర వెయ్యను పో."

నీ ఒక్కదాని మూలంగా అందరికీ స్థలాలు పోతాయని భయపెట్టి, ఆవిడ బిగబట్టుకున్న బొటనవేలిని నేనే లాగి సిరాలో అద్ది కాగితం మీద నొక్కాను. తీరా అధికారి మా పాకలు చూసి, ఇవి కూడా ఇళ్ళేనా, మీకు ఇవ్వక ఎవరికిస్తాం అన్నాడు. స్థలాలు వచ్చాయి. కాగితం మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. గట్టు మీద బతికినన్నాళ్ళూ ఎవరైనా ఏ ఊరమ్మా మీదంటే, మా నాయనమ్మ నన్ను చూపించి, "వీణ్ణడగండి, రాసుకున్నాడు" అనేది.

మొన్న నా కేకలు విని వచ్చిన రిసార్టు మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టి, "మీవాళ్ళు ఇక్కడున్నట్టు కాగితమేదైనా ఉంటే తెండి, అలాగే చెప్పిస్తాం" అన్నాడు. ఉన్న కాగితం ఒక్కటే, దాన్ని రాసింది నేనే అని ఆయనతో ఎలా చెప్పను? గోదావరి ఏటా ముంచినా మా చోటు మాకు తెలిసేది; ఇప్పుడు అక్కడ కరెంటుంది, గట్టి గదులున్నాయి, వెతుక్కోవలసిన చోటంటూ ఎవరికీ లేదు.

పడవెక్కే ముందు ఆ కుర్రాణ్ణి పిలిచి, ఇందాక కసిరాను, ఏమీ అనుకోకన్నాను.

"పర్లేదండీ, తెలియక అన్నాను" అన్నాడు వాడు.

తెలిసి రాసినవాణ్ణి నేను.