ఫియట్ ముంగటి అద్దం

"గుంజు బిడ్డా, గుంజు. ఆపకు."

మా మెకానిక్ షెడ్డుల, నేను కారు లోపట మోకాళ్ల మీద కూసోని సుత్లి తాడు గుంజుతున్న. నాయిన బయట నిలవడి ముంగటి అద్దాన్ని రెండు అరచేతులతోని ఒత్తుతుండు. అద్దం సుట్టు రబ్బర్ ఉంటది. ఆ రబ్బర్ సందుల సుత్లి పెట్టి, కొసలు లోపటికి ఇడుస్తరు. లోపటికెల్లి సుత్లి గుంజుకుంట పోతే రబ్బర్ అంచు రేకు మీదికి ఎక్కి కూసోవాలె. గంతే పని. ఇంటాంటే మస్తు అల్కగ ఉంటది. కుడి మూల ఎక్కితే ఎడమ మూల ఎల్లొస్తది, ఎడమది ఎక్కిస్తే కుడిది. పొద్దుగాల్నుంచి ఇదే కత.

ఎదురుంగ పంచర్ల మామ స్టూలు ఏసుకొని సూస్తుండు. "ఏం బావా, అద్దం గూడ హైదరాబాద్ పోతనంటుందా? బీదర్‌ల నిలుస్తలేదు."

"నీ పంచర్లు నువ్వు ఏసుకోరా. గాలంతా నీ నోట్లెనే ఉన్నది."

నాయిన మాట్లాడిండు గని నవ్వలే. ఎడమ చెయ్యి అద్దం మీద ఆగక జారుతాంది.

నాయినకు పక్షవాతం వచ్చి ఏడాది మంచంల పడ్డడు. చెయ్యి మళ్ల వచ్చింది గని, సగమే వచ్చింది. మంచం మీదికెల్లి లేసినంక దొరికిన మొదటి పని ఈ పాత ఫియట్. హైదరాబాద్‌ల ప్లాట్లు అమ్మే ఓ సారు, వాళ్ల తాత నడిపిన కారని బాగుచేసెతందుకు పంపిచ్చిండు. అప్పుడు ఆడ భూములు బంగారమైనయ్, పైసలున్నోళ్లకు పాత కార్ల మీద మోజు పుట్టింది. మా అన్న గూడ ఆడనే, కంప్యూటర్ కంపెనీవోళ్లను ఇండ్ల కాడ దించే బండి తోల్తుండు. "ఈ కారు పని అయితే షెడ్డు నడుపుకో నాయినా. కాకుంటే మా గల్లీల అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావాల్నంట, వచ్చెయ్" అన్నడు. మంచికే అన్నడు. నాయిన "గేటు తెరిసెతందుకు ఒక్క చెయ్యి సాలు" అన్నడు. ఆనాటికెల్లి అన్నం సగమే తింటుండు.

సబ్బు నీళ్లు రాసినం. మళ్ల రాసినం. రబ్బర్ ఎందుకో నానిన శెనగ లెక్క ఉబ్బినట్టు కనవడింది నాకు. పాతది గదా, గట్లనే ఉంటదేమో అనుకున్న.

పొద్దూకినంక నాయిన టైరు మీద కూలవడ్డడు. ఎయిర్‌ఫోర్సోళ్ల ట్రైనింగ్ ఇమానం నెత్తి మీదికెల్లి పోయింది. సప్పుడు ఇని ఇంజన్‌కు ఏం రోగమో చెప్పుడు ఆయనకు అలవాటు. ఆ పొద్దు తలెత్తలే. ఒళ్లె పెట్టుకున్న ఎడమ చెయ్యినే సూసుకుంటుండు.

"రబ్బర్‌ది తప్పు లేదు బిడ్డా. ఈ చేతిలనే పాణం లేదు. రేపు అన్నకు ఫోన్ చేసి వస్తున్ననని చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఇంట్లకు ఉరికిన. అమ్మ జొన్నరొట్టెలు చేస్తాంది.

"ఎక్కిందా?"

"ఎక్కలే."

"ఎందుకెక్కదే? మీ నాయినకు తిప్పలు కావొద్దని నిన్న మీరు ఇంట్ల పెట్టిన రబ్బర్‌ను గ్యాస్‌నూనెల నానేసి కడిగిన. స్టవ్వు కడిగినట్టు తళతళ చేసిన. జారాల్నని పౌడర్ గూడ అద్దిన."

అమ్మకు అందిద్దామని తీసిన రొట్టె పిండి ముద్ద నా చేతిలనే ఉండిపోయింది. రబ్బర్‌కు గ్యాస్‌నూనె, అంటే కిరోసిన్, తాకనియ్యొద్దు, తాగి ఉబ్బుతది అని నాయిన షెడ్డుల ఎంతమంది మీద ఒర్లిండో. నేను ఇన్న. అమ్మ షెడ్డుల అడుగు పెట్టది, ఆమెకెట్ల ఎరుక? నాయినకు వాసన గూడ తెల్వలే. షెడ్డుల అన్నిటికి అదే వాసన.

"ఏందే, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లే."

ఏడాది పొడుగూత ఆ చేతికి నూనె రాసి మాలిష్ చేసింది అమ్మ. చెప్తే ఆమె ఏమైతది? చెప్పకుంటే ఆయన ఏమైతడు? రబ్బర్ ఎండకు పెడితే మళ్ల దిగుతదో లేదో గూడ నాకు తెల్వది. దిగకపోతే అసొంటిది ఇప్పుడు ఏడ దొరుకుతది?

అన్నం ముంగట నాయిన ప్రార్థన చేసిండు. "ప్రభువా, చెయ్యి నువ్వే ఇచ్చినవ్, నువ్వే తీసుకున్నవ్. నీ ఇష్టం" అన్నడు. అందరికన్న గట్టిగ అమ్మనే ఆమెన్ అన్నది. నాయిన రొట్టె సగం తుంపి పక్కకు పెట్టిండు. అమ్మ దాన్ని సూసుకుంట కూసున్నది.

తెల్లారి, నాయిన ఫోన్ అడగక ముందే షెడ్డుకు పోయిన. అద్దానికెల్లి రబ్బర్ ఊడదీసి మెడల ఏసుకొని ఇంట్లకు తెచ్చిన. నాయిన మంచం మీద లేసి కూసున్నడు. అమ్మ ఆయన కోసం చాయ్ పట్టుకొని నా ఎనకనే నిలవడ్డది. నేను రబ్బర్‌ను నాయిన ఎడమ చేతిల పెట్టి, ఆ చెయ్యిని ముక్కు కాడికి లేపిన.

"వాసన సూడు నాయినా" అన్న.