తేబోంగ్ బావ మొహం టీవీలో వచ్చిన ఆదివారం

తేబోంగ్ బావ ఇరవై రెండేళ్ళు టీవీలో నటించాడు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన మొహం ఒక్కసారి కూడా తెర మీద కనిపించలేదు. ఆయన పనే అలాంటిది. జూనియర్ ఆర్టిస్టు. తెల్లారకముందే, టీవీ స్టేషన్లుండే యోయిదోలో షూటింగు బస్సెక్కి, వాళ్ళిచ్చిన బట్టలు తొడుక్కుని, వాళ్ళు చూపించిన చోట నిలబడేవాడు. పొద్దున రాజుగారి సైన్యంలో చచ్చిపోయి, మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం శత్రువుల సైన్యంలో మళ్ళీ చచ్చేవాడు. రెండు వైపులా ఒకడే చస్తున్నాడని జనం పట్టేస్తారు కాబట్టి డైరెక్టర్లు ఆయన్ని ఎప్పుడూ వెనక్కి తిప్పే నిలబెట్టేవాళ్ళు.

ఆయన తల్లి బోర్యోంగ్ దగ్గర సముద్రపు పల్లెలో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. కొడుకు ఫోన్ చేసి "అమ్మా, ఇవాళ సీరియల్లో ఉన్నాను" అంటే చాలు, షెడ్డులో ఆడవాళ్ళందరినీ ఇంటికి పిలిచేది. వాళ్ళు కింద నుంచి వేడిచేసిన గది నేల మీద చేరి, ఉడికించిన చిలగడదుంపలు తింటూ చూసి, "అదుగో, మీవాడి వీపు! సందేహం లేదు, ఆ వీపు మీవాడిదే!" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. చివరికి ఊళ్ళో ఆయన పేరే వీపు అయిపోయింది. పండక్కి వెళితే "ఏం వీపూ, ఎప్పుడొచ్చావ్?" అని పలకరించేవాళ్ళు. బావ కూడా ఇకిలించి, "ఇప్పుడే. ముందు భాగం కూడా తెచ్చాను, చూసుకోండి" అనేవాడు. తల్లికి మాత్రం ఆ నవ్వులు ముల్లులా గుచ్చుకునేవి.

ఆయన నాకు సొంత బావ కాదు. ఆయన భార్య మిరాన్‌ని నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆ వరసన బావ. అక్క ఒక చిన్న ఎడిటింగ్ షాపు నడిపేది. నేనేమో ఒక చిన్న పాటల కంపెనీలో మేనేజర్ని. మేనేజర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కొత్త పాట వీడియో టీవీలో రావాలంటే ముందు ఆ స్టేషన్ సెన్సారు గది ఒప్పుకోవాలి. టేపూ, పాట రాసిన కాగితాలూ పట్టుకుని ఆ గది గుమ్మం దగ్గర నిలబడటం నా ఉద్యోగం. వాళ్ళు కాదన్నవాటిని తీసెయ్యడం అక్క ఉద్యోగం. చేతి మీద పచ్చబొట్టు, టోపీ మీద కంపెనీ పేరు, సీటు బెల్టు పెట్టుకోకుండా కారు నడిపే పిల్ల, నడిరోడ్డు మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసే ప్రేమికుడు. కొన్నిటిని కత్తిరించేది, కొన్నిటి మీద మసక బిళ్ళ వేసేది. "నేను తీసి పారేసినవన్నీ అతికిస్తే మీ పాటలకన్నా మంచి సినిమా వస్తుందిరా నమ్‌గ్యూ" అనేది.

ఆ ఏడు నవంబరులో మా కంపెనీ కొత్త గాయని వీడియోకి, కొండ మీది వాడలో మెట్ల మీద కూర్చున్న ఒక మామూలు మనిషి కావాల్సి వచ్చాడు. గాయని ఏడుస్తూ మెట్లు దిగుతుంటే ఆయన తలెత్తి చూసి, చిన్నగా నవ్వాలి. అంతే. నేను తేబోంగ్ బావని తీసుకెళ్ళాను. డైరెక్టర్ ఆయన్ని చూసి, "ఈ మొహాన్ని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి.

షాట్ మొదలైతే ఆయనకి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. వీపుకి చేతులతో పనేముంది పాపం! మోకాళ్ళ మీద పెట్టి, తీసి, జేబులో పెట్టి, మళ్ళీ తీశాడు. "ఆయన చేతికి ఏదో ఒకటి ఇవ్వండయ్యా!" అని డైరెక్టర్ అరిచాడు. నేను పరిగెత్తి నా నోట్లో వెలుగుతున్న సిగరెట్ తీసి ఆయన వేళ్ళ మధ్య పెట్టాను. సెన్సారు గది చుట్టూ తొమ్మిదేళ్ళు తిరిగిన వెధవని. టీవీవాళ్ళు సిగరెట్ మీద కొత్తగా కత్తి కట్టారని అందరికన్నా ముందు తెలిసినవాణ్ణి. షాట్ తొందరలో అదేదీ గుర్తుకు రాలేదు. బావ ఒక్క దమ్ము లాగి, తలెత్తి నవ్వాడు. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం బావ తల్లికి ఫోన్ చేశాడు. పక్కనే ఉన్నాను.

"అమ్మా, ఈసారి మొహమే! బాగా దగ్గర నుంచి! మూడు సెకన్లు!"

"మూడు సెకన్లంటే ఎంతసేపురా?"

"నువ్వు నన్ను రెండుసార్లు పిలిచేంతసేపు."

డిసెంబరు రెండో వారంలో ఆయన పోయాడు. షూటింగ్ నుంచి తిరిగొస్తున్న బస్సులో, కిటికీకి తల ఆనించుకుని, గుండె ఆగి. అలిసిపోయి నిద్రపోతున్నాడనుకుని చుట్టుపక్కలవాళ్ళు గట్టిగా మాట్లాడకుండా కూర్చున్నారట. యోయిదోలో అందరూ దిగాక డ్రైవరు వచ్చి లేపబోయాడు. బిడ్డ చావుకి కన్నవాళ్ళు రాకూడదని మా దగ్గర పాత పట్టింపు. బంధువులు తల్లిని రానివ్వలేదు. ఆమె కొడుకు మొహం ఆఖరుగా చూసింది అంతకు ముందు వచ్చిన కోతల పండగ, చుసొక్ నాడే.

అప్పట్నుంచి రెండు రోజులకోసారి ఆమె దగ్గర్నుంచి అక్కకి ఫోను వచ్చేది. "ఆ పాట ఎప్పుడొస్తుందే అమ్మాయ్? షెడ్డులో అందరికీ చెప్పాను. ఈసారి వీపు కాదని చెప్పాను."

జనవరి ఆఖరి ఆదివారం మధ్యాహ్నం పాటల కార్యక్రమంలో మా వీడియో వేస్తామన్నారు, సెన్సారు ఒప్పుకుంటే. సోమవారం టేపు ఇచ్చాను. మంగళవారం ఫలితం కాగితం చేతికిచ్చారు. ప్రసారానికి తగదు. కారణం, పొగతాగే దృశ్యం.

ఆ కాగితం అక్క బల్ల మీద పెట్టి తల దించుకున్నాను. అక్క చదివి అంది.

"ఆయన మానేసి ఆరేళ్ళయిందిరా. ఎవరిచ్చారు?"

"నేనే అక్కా."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తెర వైపు తిరిగి, మెట్ల షాట్ తెరిచింది.

మా ఓనరు ఫోన్ చేసి, "అంత ఆలోచన దేనికమ్మా? మూడు సెకన్ల ముసలాడు. తీసేసి ఆకాశం పెట్టు" అన్నాడు. ఆ ముసలాడు ఎవరో ఆయనకి తెలియదు. అక్క చెప్పాక క్షమించమన్నాడు గానీ, శుక్రవారంలోగా పాస్ కాకపోతే కార్యక్రమం పోతుందని మాత్రం చెప్పి పెట్టేశాడు.

"టేపు తీసికెళ్ళి మీ అత్తయ్యకి చూపిస్తే సరిపోదా అక్కా?" అన్నాను.

"అత్తయ్యకి టేపెందుకురా? ఊళ్ళో ప్రతి ఇంటి టీవీలో రావాలి. ఇరవై రెండేళ్ళు వీపు చూసి నవ్వినవాళ్ళు మొహం చూడాలి."

మూడు సెకన్లంటే దాదాపు తొంభై ఫ్రేములు. అక్క ఒక్కొక్క ఫ్రేమూ తెరిచి, సిగరెట్ చెరిపి, వెనకాల గోడ రంగు నింపింది. రెండు పగళ్ళు పట్టింది. గురువారం నేను సూపు తీసుకుని వెళ్ళేసరికి చెయ్యి ఆగిపోయి కూర్చుని ఉంది. తెర మీద బావ నోటి ముందు తెల్లటి పొగ.

"ఆ రోజు బాగా చలి కదరా?"

"అవునక్కా. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చింది."

"అందుకే. ఏది పొగో, ఏది ఆయన ఊపిరో తెలియటం లేదు. రెండూ తీసేస్తున్నాను."

ఆసుపత్రిలో ఏడవని మనిషి, శ్మశానంలో ఏడవని మనిషి, అప్పుడు భోరున ఏడ్చింది. నేను ఆ గిన్నె చేతిలో పట్టుకుని దద్దమ్మలా నిలబడ్డాను.

శుక్రవారం పొద్దున మళ్ళీ టేపు ఇచ్చాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. సిగరెట్ లేకపోయినా ఆ వేళ్ళు పెదాల దగ్గరికి వెళ్ళే తీరు పొగతాగడాన్ని గుర్తుచేస్తోందట. నాకు ఒళ్ళు మండిపోయి సెన్సారు గదిలోకి దూసుకెళ్ళాను. అక్కడ పెద్దాయన బాన్ గారు చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, బార్లీ టీ పోశాడు.

"ఆయన పోయాడండీ. తల్లి చూడాలని కూర్చుంది. మూడు సెకన్లు!"

"నేను చూశానయ్యా. మంచి మొహం. చూడగానే నాకూ మా అన్నయ్య గుర్తొచ్చాడు."

"మరి వదిలెయ్యండి!"

"ఈయన్ని వదిలితే, నిన్న ఆపినవాళ్ళు రేపు నా బల్ల ముందు నిలబడతారు. వాళ్ళకేం చెప్పను?" గొంతు తగ్గించి, "చేతి మీద మసక వేసి అయిదింటిలోగా తెండి. నేనే దగ్గరుండి చూస్తాను" అన్నాడు.

చేతి మీద వేస్తే చెయ్యి ఒక్కటే పోతుందా? ఆ చెయ్యి పెదాల దాకా వెళ్ళి అక్కడే ఆగింది. మసక బిళ్ళ ముక్కు దగ్గర మొదలై గడ్డం దాకా కప్పేసింది. నవ్వు దాని కిందికి వెళ్ళిపోయింది. అక్క ఆ షాట్‌ని పదిసార్లు చూసుకుంది.

"కళ్ళు మిగిలాయి కదరా. కళ్ళు నవ్వుతున్నాయి. కన్నతల్లి, కళ్ళు చాలు, పోల్చుకుంటుంది."

నేనూ నిజమే అనుకున్నాను. అయిదింటికి పది నిమిషాలుందనగా పాస్ అయింది. ఇద్దరం లాటరీ తగిలినట్టు సంబరపడ్డాం. రోజూ ఆ మసక బిళ్ళలతోనే బతికేవాళ్ళం మేం. అవి మా కంటికి ఆనడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం పొద్దున బస్సులో బోర్యోంగ్ వెళ్ళాం. కార్యక్రమం అయిపోయాక తల్లికి ఒంటరిగా చూపిద్దామని, ఏ కోతా లేని టేపునీ, అది వేసే మిషన్నీ అక్క ఒక సంచిలో పెట్టుకుంది. ఇంట్లో అప్పటికే పదిమంది ఆడవాళ్ళు చేరారు. ఆల్చిప్పల వాసన, తడి చేతి తొడుగులు గుమ్మం దగ్గర. తల్లి జుట్టు దువ్వుకుని, కోడలు ఎప్పుడో కొనిచ్చిన కొత్త స్వెట్టరు వేసుకుని టీవీకి అడుగు దూరంలో కూర్చుంది.

"జరగండర్రా, వెనకవాళ్ళకి కనపడొద్దూ! ఈసారి వీపు అన్నవాళ్ళ నాలుక కోస్తాను."

"ముందు రానీవమ్మా, కోద్దువుగాని" అంది ఒకావిడ. అందరూ నవ్వారు.

పాట మొదలైంది. గాయని మెట్లు దిగుతోంది. "ఇప్పుడు అత్తయ్యా" అంది అక్క. బావ వచ్చాడు. తలెత్తాడు. సగం మొహం నిండా బిళ్ళలు బిళ్ళలుగా మసక. మూడు సెకన్లు. పోయాడు.

టీవీలో గాయని ఒక్కతే పాడుతోంది. చివరికి వెనక నుంచి ఎవరో గుసగుసగా అన్నారు.

"అదేంటే, వార్తల్లో దొంగలకి వేసినట్టు వేశారు?"

తల్లి వెనక్కి తిరగలేదు. "మావాడు ఏం చేశాడని?" అంది, టీవీతోనే మాట్లాడుతున్నట్టు. "ఎవరి సొమ్ము తిన్నాడని? ఎందుకు వేశారే అమ్మాయ్?"

అక్క సంచి వైపు చూసింది. నేనే అందుకున్నాను. "తప్పేం చెయ్యలేదు పెద్దమ్మా. చేతిలో సిగరెట్ ఉందని, సెన్సారువాళ్ళు..."

"సిగరెట్టా?"

ఆమె నా వైపు తిరిగింది. మొహంలో ఏదో తేలికైంది.

"అయితే వాడు కాదులే బాబూ! మావాడు మానేసి ఆరేళ్ళయింది. వాళ్ళ నాన్న తద్దినం నాడు, ఇదే గదిలో నా చెయ్యి పట్టుకుని ఒట్టేశాడు. తాగి పడిపోయేవాడేమో గానీ నా దగ్గర అబద్ధం ఆడేవాడు కాదు." ఆడవాళ్ళ వైపు తిరిగి గొంతు పెంచింది. "వాడు కాదర్రా! ఎవరో సిగరెట్లు తాగేవాడు. నేనూ అనుకున్నాలే, మావాడి మొహమైతే నాకు తెలీదూ!"

"అదేగా, మాకూ పోలిక కనపడలా" అన్నారు వాళ్ళు. మంచివాళ్ళు. ఒక్కొక్కరే లేచి, చేతి తొడుగులు వెతుక్కున్నారు.

నేనిచ్చాను, ఆయన అడగలేదు, నేనే చేతిలో పెట్టాను అని చెప్పాలి. చెబితే కొడుకు మాట తప్పాడని తెలుస్తుంది. చెప్పకపోతే కొడుకు మొహం ఇక ఎప్పటికీ లేదు. అక్క వైపు చూశాను. ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులూ దాని మీద వేసి, వద్దన్నట్టు తల ఊపింది.

తల్లి గుమ్మంలో కూర్చుని రబ్బరు బూట్లు తొడుక్కుంది. ఇంకా సగం తట్ట ఆల్చిప్పలు మిగిలాయట. లేవబోతూ ఆగి అడిగింది.

"అయితే మనవాడిది ఎప్పుడొస్తుందే అమ్మాయ్?"

"వచ్చే ఆదివారం అత్తయ్యా" అంది మిరాన్ అక్క.