ఏకగ్రీవం

ఇవాంజెలిన్ గారు మా కొత్తరేవు కాలనీ సంక్షేమ సంఘానికి సెక్రటరీ కావడానికి కారణం ఆవిడ చేతిరాత. టెక్కలి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా బ్రాంచి పోస్టాఫీసు నడిపిన మనిషి. రాయడం రానివాళ్లందరికీ ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టి రాసిపెట్టి ఆ అక్షరం ముత్యంలా తయారైంది. భర్త పోయాక, ఆయన కొనిపెట్టిన స్థలంలో రెండు గదుల ఇల్లు వేసుకుని ఇక్కడికి వచ్చేశారు.

మాది వజ్రపుకొత్తూరు తీరం. పలాస నుంచి ఆటోలో ముప్పావుగంట. నలభై ఇళ్లుంటాయి. సగం మందిమి రిటైరై సముద్రపు గాలి కోసం వచ్చినవాళ్లం. మిగతా సగం కాలనీ అనే పేరు పుట్టకముందు నుంచీ ఉన్నవాళ్లు, కొబ్బరి తోటల వాళ్లూ, వేటకు వెళ్లేవాళ్లూ. కమ్యూనిటీ హాలు గోడకి ఒక నల్లబల్ల ఉండేది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడు వస్తుందో, ఏ వీధిలో లైటు పోయిందో, డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల బండి ఏ రోజు వస్తుందో ఇవాంజెలిన్ గారు పొద్దున్నే దాని మీద రాసేవారు.

ఆ బండి ఎక్కేవాళ్లలో సూర్యం ఒకడు. ఒకప్పుడు రోజుకు యాభై కొబ్బరి చెట్లెక్కిన మనిషి, కిడ్నీలు పాడై అప్పటికి నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు పలాస వెళ్లి వస్తున్నాడు. అతని భార్య బొడ్డమ్మకు ఇవాంజెలిన్ గారంటే ప్రాణం. ఆసుపత్రి కాగితాలన్నీ ఈవిడే నింపేవారు. ఆదివారం ఈవిడ చర్చి నుంచి వచ్చేసరికి బొడ్డమ్మ చేపల పులుసు గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్లేది. వాళ్లిల్లు సముద్రానికి అందరికన్నా దగ్గర, మొదటి వరసలో ఉండేది. ఇంటికీ సముద్రానికీ మధ్య సంఘానికి చెందిన సరుగుడు తోట ఒక్కటే అడ్డు.

ఆ తోట కొట్టించేద్దామన్న మాట మూడేళ్ల కిందట వచ్చింది. తెచ్చినవారు మా ప్రెసిడెంటు మనోహర్ గారు. తోటలో పాములున్నాయి, తాగుబోతులు చేరుతున్నారు, సముద్రం కనబడకపోవడంతో ఖాళీ సైట్లకు బేరాలు రావడం లేదు అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. మేమంతా తలలూపాం.

గుమ్మం దగ్గర కూర్చున్న బొడ్డమ్మ లేచి నిలబడింది.

"ఆ సెట్లు కొట్టీత్తే ఇసక ఆగదు బాబూ. ఇసక ఆగకపోతే సంద్రం ఆగదు. మా అత్తోరి కాలంలో ఓ వీదంతా పోయింది. అది పోయినాకే ఈ తోట ఏసినారు. నానొప్పుకోను."

మనోహర్ గారు ఆవిడను కసురుకోలేదు. ఇంజినీరుకి చూపించే చేస్తామని నెమ్మదిగా చెప్పి, చేతులెత్తమన్నారు. బొడ్డమ్మ తప్ప అందరం ఎత్తాం. ఆ తర్వాత మినిట్సు పుస్తకం దగ్గర, పక్కనే ఉన్నాను కాబట్టి, ఆయన అన్నమాట నాకు వినిపించింది. "ఏకగ్రీవంగా అని రాసేయండి మేడమ్. ఒక్కరు కాదన్నారని రాస్తే మళ్లీ మీటింగు పెట్టాలి, ఎందుకు?"

ఇవాంజెలిన్ గారు కాసేపు కలం పట్టుకుని ఆగారు. తర్వాత రాశారు. కింద మేం సంతకాలు పెట్టాం. హాజరు వేసుకోవాలని బొడ్డమ్మను పిలిచి, ఆవిడ బొటనవేలు ఇంకులో అద్ది ఈవిడే వేలిముద్ర వేయించారు. బొడ్డమ్మకు చదువు రాదు. తను పోస్టమ్మ అని పిలుచుకునే ఈవిడ వేయమంది కాబట్టి వేసింది.

ఎందుకు రాశారని చాలా కాలం తర్వాత అడిగాను. ఒంటరి ఆడమనిషిని, అందరితో పేచీ ఎందుకనుకున్నానన్నారు. ఆ పైన, "నాకూ వరండాలో కూర్చుని సముద్రం చూడాలని ఉండేది" అన్నారు. ఆ రెండో మాట చెప్పడానికి ఆవిడ చాలా కష్టపడ్డారు.

పది రోజుల్లో తోట లేచిపోయింది. మొదటి ఏడాది బాగానే ఉంది. సాయంత్రాలు బెంచీల మీద కూర్చుని గాలి పీల్చుకున్నాం. రెండో వేసవికి ఇసక ఇళ్లలోకి రావడం మొదలైంది. అన్నంలో, పక్కల్లో, తలుపు సందుల్లో ఇసకే. అప్పటికీ ఎవరూ తోట మాట ఎత్తలేదు.

ఆ అక్టోబరులో వచ్చిన వాయుగుండం పెద్దదేమీ కాదు. అంతకన్నా పెద్ద తుపాన్లు చూసిన తీరమిది. గురువారం పొద్దున్న సముద్రం లోపలికి వచ్చింది. అడ్డుగా ఉండాల్సిన ఇసకదిబ్బ గంటలో కరిగిపోయింది. మధ్యాహ్నానికి బొడ్డమ్మ వంటిల్లు పడింది, సాయంత్రానికి మిగతా ఇల్లూ పడింది. మొదటి వరస వాళ్లందరినీ కమ్యూనిటీ హాలులోకి చేర్చాం. ఊరి బయట వాగు, మా వైపు గెడ్డ అంటాం, దాని మీదున్న కల్వర్టు రోడ్డుతో సహా కొట్టుకుపోయింది.

మర్నాడు శుక్రవారం, సూర్యం డయాలసిస్ రోజు. బండి గెడ్డ అవతలి గట్టు దాకా వచ్చి ఆగింది. నలుగురు అతన్ని మంచం మీద మోసుకెళ్లారు. గెడ్డలో నీళ్లు మనిషి లోతున్నాయి. ముందు ఖాళీ తెప్ప వేసి చూస్తే రెండుసార్లు తిరగబడింది. మంచాన్ని వెనక్కి తెచ్చారు. శనివారమూ అంతే.

ఆదివారానికి సూర్యం మొహం, కాళ్లు ఉబ్బిపోయాయి. ఊపిరందక గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఇవాంజెలిన్ గారు ఆ వారం చర్చికి వెళ్లలేదు. పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతూనే ఉన్నారు.

"గుక్కెడు నీల్లియ్యి పోస్టమ్మా" అని అడిగాడు సూర్యం.

డయాలసిస్ తప్పిన మనిషి నీళ్లు తాగకూడదు. ఆవిడ బొడ్డమ్మ వైపు చూశారు. బొడ్డమ్మ తడిగుడ్డతో అతని పెదాలు అద్దింది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే ఉన్నాయి. సోమవారం పొద్దున్న మళ్లీ అడిగాడు. ఈసారి బొడ్డమ్మ తలూపింది. ఇవాంజెలిన్ గారు గ్లాసు పట్టుకుని తాగించారు. తొమ్మిది గంటలకు పోయాడు. మధ్యాహ్నానికి గెడ్డలో నీళ్లు మోకాళ్ల లోతుకి దిగాయి.

సంక్రాంతి వెళ్లాక, తీరానికి రాళ్ల గోడ కావాలని సంఘం తరఫున అర్జీ రాసుకుని పలాస వెళ్లాం. మనోహర్ గారు, ఇవాంజెలిన్ గారు, నేను. ఇల్లు పోయినవాళ్ల తరఫున బొడ్డమ్మ. ఆర్డీవో ఆఫీసులో అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. నియమం ప్రకారం కాగితాలతో జతచేసిన పాత తీర్మానాలన్నీ ఓపికగా చదివాడు. ఒక పేజీ దగ్గర ఆగి, తోట మీరే ఏకగ్రీవంగా కొట్టించుకున్నారు కదా అన్నాడు. బొడ్డమ్మ వైపు చూసి, "నీ వేలిముద్ర కూడా ఉంది కదమ్మా" అన్నాడు.

బొడ్డమ్మ ఇవాంజెలిన్ గారి వైపు తిరిగింది.

"ఏటి రాసుందమ్మా అందులో?"

ఇంకెవరైనా చదివిపెట్టి ఉండవచ్చు. నేనే చదవచ్చు. ఇవాంజెలిన్ గారు ఆ కాగితం అందుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఏకగ్రీవం అంటే ఏమిటని బొడ్డమ్మ అడిగింది. ఒక్కరు కూడా కాదనలేదని అర్థమని చెప్పారు. బొడ్డమ్మ తన బొటనవేలి వైపు చూసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుంది.

వారం తర్వాత ఇవాంజెలిన్ గారు సర్వసభ్య సమావేశం పిలిచారు. లేచి నిలబడి, కాగితం చూడకుండా చెప్పారు. ఆ రోజు బొడ్డమ్మ ఒప్పుకోలేదనీ, కారణం కూడా చెప్పిందనీ, తెలిసే తాను తప్పు రాశాననీ, హాజరు కోసమని చెప్పి వేయించిన ముద్రను ఒప్పుదల కింద చేశాననీ. ఇప్పుడు దాన్ని సరిచేస్తున్నానన్నారు. గోడ మాట నడుస్తున్నప్పుడు ఇది అవసరమా, సంఘం పరువు పోతుంది కదా అన్నారు మనోహర్ గారు. ఆవిడ కూర్చుని పుస్తకంలో రాసి, సంతకాల కోసం తిప్పారు. ముప్పైమందిలో ఐదుగురం పెట్టాం.

బొడ్డమ్మ ఎప్పటిలా గుమ్మం దగ్గరే ఉంది. పుస్తకం తీసుకుని ఇవాంజెలిన్ గారు ఆవిడ దగ్గరికి వెళ్లారు. "వదినా, ఇప్పుడు ఉన్నదున్నట్టు రాశాను" అన్నారు.

"రాయమ్మా. నువ్వేటి రాసినా, ఏటి కొట్టీసినా ఆ మనిసి రాడు గదా."

అంది గాని గొంతులో కోపం లేదు. ఆ నెలలోనే బొడ్డమ్మ ఇచ్ఛాపురంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇవాంజెలిన్ గారు సెక్రటరీ పదవి వదిలేశారు. సర్వే వాళ్లు ఒకసారి వచ్చి తాళ్లతో కొలుచుకుని వెళ్లారు. గోడ రాలేదు. ఈలోగా రెండో వరసలో మూడిళ్లకు బీటలు వచ్చాయి. మనోహర్ గారు తన ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు లేరు.

మొన్న వేసవిలో ఇవాంజెలిన్ గారు పలాసలో రైలెక్కి ఇచ్ఛాపురం వెళ్లారు. ఇల్లు వెతికి పట్టుకునేసరికి పన్నెండైంది. బొడ్డమ్మ వాకిట్లో కొబ్బరి ఈనెలు చీరుతూ, మనవరాలితో వచ్చీరాని ఒడియాలో మాట్లాడుతోంది. చాప వేసింది, టీ ఇచ్చింది. కాలనీలో అందరి గురించీ పేరుపేరునా అడిగింది. సూర్యం మాట ఇద్దరూ ఎత్తలేదు. ఈవిడ లేచేటప్పుడు వీధి మలుపు దాకా తోడు వచ్చి అక్కడ ఆగింది.

"ఇంక రాకమ్మా. నీ మీద నాకేటీ నేదు. నువ్వొత్తే ఆయన నీల్లడిగినట్టే ఉంటంది."

సరేనన్నారట ఇవాంజెలిన్ గారు. ఎండలో స్టేషను దాకా నడిచి, వచ్చిన ప్యాసింజరు ఎక్కారు. ఇదంతా నాకు చెప్పింది ఆవిడే. ఆ తర్వాత ఆవిడ ఇచ్ఛాపురం వెళ్లలేదు.